సైన్స్ గ్రేడ్లు తక్కువగా ఉన్న అమ్మాయి అమెరికాలో డెంటల్ స్కూల్‌కి ఎలా సిద్ధపడాలి?

"మా అమ్మాయి ఇక్కడే బయాలజీలో డిగ్రీ పూర్తి చేసింది. సైన్స్ గ్రేడ్ల సగటు (జీపీఏ) నాలుగుకి 2.7 దగ్గర ఆగిపోయింది. డెంటిస్ట్ కావాలన్న పట్టుదల మాత్రం తగ్గలేదు. మాస్టర్స్ చేయించమంటారా, తక్కువ గ్రేడ్లు వచ్చిన కోర్సులే మళ్ళీ చదివించమంటారా, లేక మా బంధువులు అంటున్నట్టు హైదరాబాదు పంపి బీడీఎస్‌లో చేర్పించమంటారా?" అని న్యూజెర్సీ నుంచి ఒక తల్లిగారు అడిగారు. నేనూ దాదాపు అలాంటి అంకెలతోనే దరఖాస్తు పెట్టుకుని, ప్రస్తుతం పెన్సిల్వేనియాలో దంతవైద్యం చేస్తున్నాను. ఆ దారిలో ఏది పనికొచ్చిందో, ఏది దండగో చెబుతాను.

ముందు లెక్క చూడండి. డెంటల్ కళాశాలల ఉమ్మడి దరఖాస్తు అయిన ఆడ్సాస్‌లో, ఒక కోర్సును రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. మీ విశ్వవిద్యాలయం పాత గ్రేడును తీసేసి కొత్తది పెట్టినా ఆడ్సాస్ అలా చేయదు. మీ అమ్మాయికి 60 సైన్స్ క్రెడిట్లలో 2.7 ఉందనుకుందాం. ఇంకో 30 క్రెడిట్లు చదివి వాటిలో 3.9 తెచ్చుకున్నా మొత్తం 3.1 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఆ ఒక్క అంకెను పైకి లాగడమే లక్ష్యంగా పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది. అయితే ఆడ్సాస్ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం జీపీఏను విడిగా చూపిస్తుంది, డిగ్రీ తరువాత చదివిన కోర్సులకు పోస్ట్‌బ్యాక్ అనే వరుసను వేరుగా ఇస్తుంది. మన ఆశంతా ఆ వరుస మీదే. డెంటల్ స్కూల్ మొదటి సంవత్సరంలో అనాటమీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, హిస్టాలజీ ఒకేసారి మీద పడతాయి. ఆ బరువును ఈ విద్యార్థి మోయగలదా అన్నదే ప్రవేశాలు నిర్ణయించే కమిటీ సందేహం, దానికి జవాబు ఇటీవలి గ్రేడ్లే చెప్పాలి.

అందుకే కోర్సులన్నీ మళ్ళీ చదివించవద్దు. తప్పనిసరి కోర్సుల్లో సి మైనస్ గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చినవి మాత్రమే మళ్ళీ తీసుకోవాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చి ఉంటే, దాన్నే తిరిగి చదవడం కన్నా బయోకెమిస్ట్రీలో ఎ తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. వీలైతే ఈ కోర్సులు నాలుగేళ్ళ విశ్వవిద్యాలయంలో, పూర్తికాలపు విద్యార్థిగా చదవాలి. కమ్యూనిటీ కళాశాల చవకే గాని, అక్కడ చదివిన సైన్స్ కోర్సులను కొన్ని డెంటల్ స్కూళ్ళు పరిమితంగానే ఒప్పుకుంటాయి, అందువల్ల ముందే ఆరా తీయాలి. ఉద్యోగం చేసుకుంటూ సెమిస్టరుకు ఒక్క కోర్సు చదివి ఎ తెచ్చుకున్నా కమిటీ సందేహం పెద్దగా తీరదు. నా ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసరు ట్రాన్స్‌క్రిప్టు మొదటి పేజీలు గబగబా తిప్పేసి, చివరి సెమిస్టరు దగ్గర ఆగి, నాలుగు సైన్స్ కోర్సులు ఒకేసారి చదివినప్పుడు వారం ఎలా గడిచేదని అడిగారు. పాత గ్రేడ్ల ఊసే ఎత్తలేదు.

మాస్టర్స్ సంగతి కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. గ్రాడ్యుయేట్ కోర్సుల గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలవవు, వాటి వరుస వేరు. పబ్లిక్ హెల్త్ లాంటి మాస్టర్స్‌కు దాని విలువ దానికి ఉంది గాని, సైన్స్ బలహీనతకు అది మందు కాదు. డెంటల్ లేదా వైద్య విద్యార్థుల పాఠాలే చెప్పే ప్రత్యేక మాస్టర్స్ ప్రోగ్రాములు వేరే రకం. వాటిలో బాగా రాణిస్తే అంతకు మించిన రుజువు ఉండదు, అక్కడ కూడా బి మైనస్‌లు వస్తే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పోస్ట్‌బ్యాక్‌లో ఒక సెమిస్టరు చదివి, గ్రేడ్లు నిలకడగా వస్తున్నాయని చూసుకున్నాకే అటు అడుగు వేయడం మంచిది. ఖర్చు కూడా చూడాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు ఉండవు, వృత్తి విద్యకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు పరిమితం. కొన్ని ప్రైవేటు డెంటల్ కళాశాలల ఖర్చు నాలుగేళ్ళకు 4 లక్షల డాలర్లు దాటుతుంది. అలాంటప్పుడు మాస్టర్స్ కోసం ముందే అప్పు నెత్తికెత్తుకోవాలో లేదో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మీ అమ్మాయి హెచ్4 (డిపెండెంట్) వీసా మీద ఉందో, గ్రీన్‌కార్డు వచ్చిందో మీరు రాయలేదు. ఫెడరల్ రుణాలకూ, చాలా ప్రభుత్వ కళాశాలల్లో ప్రవేశానికీ ఆ సంగతే కీలకం.

డెంటల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష అయిన డీఏటీ మీ అమ్మాయికి నిజంగా అందివచ్చే అవకాశం. సైన్స్ భాగంలో బయాలజీ 40, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ కెమిస్ట్రీ 30 ప్రశ్నలను 90 నిమిషాల్లో పూర్తి చేయాలి. డిగ్రీలో తడబడిన విషయాల్లోనే ఇక్కడ మంచి స్కోరు వస్తే, పాత గ్రేడ్లకు అదే సమాధానం. 2025 మార్చి నుంచి స్కోర్లను పాత 30 పాయింట్ల పద్ధతిలో కాక 200 నుంచి 600 మధ్య ఇస్తున్నారు కాబట్టి, అంతకు ముందు రాసిన సీనియర్లు చెప్పే అంకెలతో పోల్చుకోవద్దు. రెండోసారి రాసినంత మాత్రాన మొదటి స్కోరు చెరిగిపోదు, అందుకని తొందరపడి రాయించకండి.

ఇక అనుభవం. క్లినిక్‌లో మూలన నిలబడి చూడటం కన్నా, డెంటల్ అసిస్టెంటుగా జీతానికి పనిచేయడం ఎంతో నయం. నేను నేర్చుకున్న మొదటి పని, పళ్ళ అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ పొడిని కలపడం. పొడిలో నీళ్ళు పోశాక ముద్దను గిన్నె అంచుకు అదిమి అదిమి కలపకపోతే గాలి బుడగలు మిగిలిపోతాయి. ఆ బుడగ సరిగ్గా దవడపంటి అంచున పడిందంటే అచ్చు మళ్ళీ తీయాలి, పాపం పేషెంటు మళ్ళీ ఓకరించుకోవాలి. ఇంటర్వ్యూలో చేతిపని గురించి అడిగితే ఇలాంటివి చెప్పగలిగినవారిని వినడానికి వాళ్ళకూ ఇష్టమే.

ఆడ్సాస్‌కు నాలుగు సిఫారసు లేఖల వరకు పంపవచ్చు, చాలా కళాశాలలు వాటిలో రెండు సైన్స్ ప్రొఫెసర్లవి కావాలంటాయి. అవి పోస్ట్‌బ్యాక్‌లో పాఠం చెప్పినవారివైతే కొత్త గ్రేడ్లకు సాక్ష్యం కూడా అవుతాయి. వ్యక్తిగత వ్యాసానికి ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే హద్దు. అందులో గ్రేడ్లు ఎందుకు తగ్గాయో రెండు వాక్యాలు చాలు. దరఖాస్తు మే నెలలో తెరుచుకుంటుంది, సీట్ల కబుర్లు డిసెంబరులో మొదలవుతాయి. కొత్త గ్రేడ్లు చేతికి రాకుండా పంపడం కన్నా ఒక ఏడాది ఆగి, వేసవి మొదట్లోనే పంపడం మంచిది.

ఇక బీడీఎస్ అంటారా, అది దగ్గరి దారేమీ కాదు. ఎన్‌ఆర్‌ఐ కోటాలో చేరాలన్నా నీట్ రాయాలి. చదువు నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. తరువాత ఇక్కడికి వచ్చి, ఇక్కడి దంతవైద్యుల బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ పాసై, విదేశాల్లో చదివిన డెంటిస్టుల కోసం కొద్దిపాటి సీట్లతో నడిచే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాముల కోసం మన తెలుగు బీడీఎస్‌లతోనే పోటీపడి, మరో రెండు మూడేళ్ళు చదవాలి. అంటే నీట్‌కు చదివే కాలం కాకుండానే ఏడెనిమిదేళ్ళు. ఇక్కడే ఉంటే పోస్ట్‌బ్యాక్‌కు ఒక ఏడాది, దరఖాస్తులకు ఒక ఏడాది, డెంటల్ స్కూల్ నాలుగేళ్ళు కలిపి ఆరేళ్ళు.