డిస్కు అరిగిందని రిపోర్టు వస్తే ఆపరేషన్ తప్పదా?

38 ఏళ్లకే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలోని నాలుగు, ఐదో పూసల మధ్య, డిస్కు అరిగిందని ఎంఆర్ఐలో వచ్చింది, ఇక ఆపరేషనేనా అని అడిగారు. నా రిపోర్టులోనూ ఇదే ఉందండీ, దాని కింది ఎల్5-ఎస్1 కూడా కలిపి. నేను ఆపరేషన్ చేయించుకోలేదు. ఇప్పటికీ కుట్టుమిషన్ మీదే నా జీవనం.

ముందు ఆ రిపోర్టు చూసి బెంబేలెత్తకండి. డిస్కు అంటే రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది. దాని లోపల నీరు పట్టి ఉండే మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి నారపొర ఉంటాయి. పెద్దయ్యాక ఆ గుజ్జులోకి రక్తనాళాలు వెళ్లవు, పైనా కిందా ఉన్న ఎముకల్లోంచే పోషకాలు మెల్లగా ఊరి రావాలి. వయసుతో నీరు తగ్గి డిస్కు పల్చబడుతుంది, ఎంఆర్ఐలో నల్లగా కనిపిస్తుంది. ఇది జుట్టు నెరవడంలాంటిది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, నడుంనొప్పే లేనివాళ్ల స్కానులు చూస్తే 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి వైద్యం నిర్ణయించకూడదు. నొప్పి ఎక్కడుంది, ఎటు పాకుతోంది, కాలిలో బలం ఎలా ఉంది, ఇవి డాక్టరు చేత్తో పరీక్షించి చూడాలి.

నాకు మేలు చేసింది ఫిజియోథెరపీ. నొప్పి పట్టేసినప్పుడు కూడా ఒకటి రెండు రోజులకు మించి మంచానికి అతుక్కోవద్దన్నారు. పొట్ట, నడుం కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు నేర్పారు. చేతులూ మోకాళ్ల మీద నిలబడి, కుడిచెయ్యీ ఎడమకాలూ చాచి కాసేపు ఆపడం, తర్వాత రెండోవైపు. చూడ్డానికి చిన్నదే కానీ మొదట్లో వణుకు పుట్టేది. ఫలితం నెలల మీద గానీ తెలియదు, మానకండి. నేల మీద వంగి చేసే కటింగ్ పనిని నడుం ఎత్తు బల్ల మీదికి మార్చాను, ఒక బ్లౌజు కుట్టగానే లేచి నాలుగడుగులు వేస్తాను. వ్యాయామం ఎంత మేలు చేసిందో ఈ మార్పూ అంతే చేసిందని నా నమ్మకం.

నేల మీదే పడుకోమని అందరూ చెబుతారు. మరీ గట్టిదానికన్నా ఓ మోస్తరు గట్టి పరుపే మెరుగని పరిశోధనల్లో తేలింది. బెల్టు ఎప్పుడూ కట్టుకునే ఉండనక్కర్లేదు. నొప్పి మాత్రలు కొద్దిరోజులకే, అదీ డాక్టరు చెబితేనే. నెలల తరబడి మింగితే కడుపూ కిడ్నీలూ పాడవ్వొచ్చు. సిగరెట్ అలవాటుంటే మానండి, అది డిస్కుకూ చేటే.

ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. నరం నొక్కుకుని పిరుదు నుంచి పాదం దాకా లాగే నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే, నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసేసే ఆపరేషన్‌తో కాలినొప్పికి ఉపశమనం దొరుకుతుంది. నొప్పి నడుంలోనే ఉండి, పూసల్ని రాడ్లతో బిగించేద్దామంటే మాత్రం తొందరపడకండి, ఇంకో స్పైన్ డాక్టరుకు చూపించండి. ఒట్టి నడుంనొప్పికి దాని ఫలితం అంత నికరం కాదు.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య, మర్మాంగాల దగ్గర స్పర్శ లేకపోవడం, పాదం పైకి లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే, అర్ధరాత్రైనా సరే, ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పండి. మీ కాలి సంగతి మీరు రాయలేదు. నొప్పి మోకాలి కిందికి దిగుతోందా?