బలపపు రాయిలో తగరం అచ్చు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రౌటర్ మెషీన్ (గిర్రున తిరిగే కట్టర్‌తో చెక్కే యంత్రం) మీద బలపపు రాయిలో అచ్చు తీసి తగరం బిళ్లలు పోత పోస్తానన్నావు. అడిగిందంతా చెక్కడం గురించే. ఈ రాయిని చెక్కడంలో పెద్ద కష్టమేమీ లేదు. అచ్చులు చెడేది రెండు పలకలు కలిసే ముఖం దగ్గరా, రాయిలో మిగిలిపోయిన తడి వల్లా.

ముందు రాయి చూసుకో. మనింట్లో పులుసు కాచే రాచ్చిప్పా, వెల్డర్లు ఇనుము మీద గీతలు గీసే తెల్ల బలపమూ ఈ జాతివే. గోటితో గీస్తే గీత పడాలి. తడిపి నీడలో పెట్టు. పైతడి ఆరాక కూడా ఎక్కడైనా సన్నటి నల్లగీత నిలిచిందంటే అక్కడ పగులుంది, వేడికి ఆ ముక్క రెండవుతుంది. ఒక్కో పలక 25 మి.మీ. మందం, బిళ్ల చుట్టూ కనీసం 20 మి.మీ. రాయి ఉండేలా కోయించు.

ఇప్పుడు ముఖాలు. మందపాటి గాజు పలక మీద 120 నంబరు ఎమెరీ కాగితం పరుచు. రాతి ముఖం నిండా పెన్సిల్‌తో గళ్లు గీసి రుద్దు. గీతలు ఒకచోట చెరిగి ఇంకోచోట మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. అన్నీ చెరిగాక 220, తర్వాత 400. రెండు పలకలూ కలిపి దీపానికి అడ్డంగా పట్టుకో. సందులోంచి వెలుతురు కనిపించిందా, లోహం కూడా అందులోకే పాకి బిళ్లకి రెక్కలు కడుతుంది. ఇక్కడ ఒక పూట పోయినా పర్వాలేదు.

చెక్కకముందే రెంటినీ కలిపి బిగించి, ఎదురు మూలల్లో 6 మి.మీ. కన్నాలు రెండు వేసి పిన్నులు పెట్టు. మెషీన్‌లో సున్నా, అంటే కొలతలు మొదలయ్యే చోటు, కూడా ఆ కన్నాల్లో ఒకదాని నుంచే తీసుకో, అప్పుడే ముందూ వెనకా బొమ్మలు తప్పవు.

వైస్ దవడలకీ రాయికీ మధ్య చెక్క ముక్కలు వెయ్యి. 3 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్ చాలు, కోతకి అర మి.మీ. లోతు. కట్టర్ అంచు నుంచి లోపలికి రావాలి. బయటికి పోతే అంచు పెచ్చు లేస్తుంది. చెక్కిన గుంట గోడలకి 3 నుంచి 5 డిగ్రీల వాలు ఇవ్వు, లేకపోతే బిళ్ల ఊడిరాదు. అక్షరాలు తిరగేసి చెక్కాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

దుమ్ముతో మాత్రం ఆటలొద్దు. కొన్ని బలపపు రాళ్లలో ఆస్బెస్టాస్ జాతి పోగులుంటాయి. కట్టర్ పక్కనే హెపా ఫిల్టరున్న (సన్నటి దుమ్మునీ పట్టేసే జల్లెడ) వాక్యూమ్ గొట్టం, మొహానికి పీ100 రకం దుమ్ము మాస్కు. నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు.

పోత గరాటు నోరు 15 మి.మీ., బిళ్లని తాకే మెడ 4 మి.మీ. బిళ్ల కొసల నుంచి పలక అంచుదాకా చాకు మొనతో వెంట్రుకంత గాలి దారులు గీయి. లోతెక్కువైతే అందులోంచి లోహమే కారుతుంది.

రాయి చూడ్డానికి పొడిగా ఉన్నా నమ్మకు. రెండురోజులు ఆరనిచ్చి, ఓవెన్‌లో మెల్లగా వేడి పెంచి 110 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచు. తడి ఉంటే ఆవిరై కరిగిన తగరాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లకి అద్దాలు, తోలు చేతొడుగులు తప్పనిసరి. తర్వాత కొవ్వొత్తి మసి పలచగా పట్టించు, లోహం సాఫీగా పారుతుంది.

తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది. 290 దగ్గర తెట్టు తీసి, ఆగకుండా ఒకే ధారగా పొయ్యి. పాత టంకం కడ్డీలు కలపకు, వాటిలో సీసం ఉంటుంది.

మొదటి నాలుగైదు బిళ్లలు ముడతలు పడి వస్తాయి, అచ్చు ఇంకా చల్లగా ఉన్నట్టు. వాటిని మళ్లీ కరగేసెయ్. ముగ్గుపిండి చల్లినట్టు మసకగా వస్తే అచ్చు మరీ కాగింది, రెండు నిమిషాలు ఆగు. మెడ దగ్గర గుంట పడుతుంటే బిళ్ల గట్టిపడకముందే మెడ బిగుసుకుంటోంది. దాన్ని 6 మి.మీ.కి వెడల్పు చెయ్యి.

నీ మామయ్య