పాత కారు డ్యాష్‌బోర్డుకు మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు 1991లో కొన్న కాంటెస్సా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇంజను పని పూర్తయింది కాని డ్యాష్‌బోర్డు మాత్రం చూడబుద్ధి కావడం లేదు. ముందు అద్దానికి దిగువనున్న దాని పైభాగం పగిలి లోపలి స్పాంజి బయటపడింది, మీటర్ల చుట్టూ ఉన్న వెండి రంగు అంచు చెరిగిపోయింది, మీటర్ల చట్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం ఒకటి విరిగింది. మొత్తానికి రెగ్జిన్ తొడిగేస్తే సరిపోతుందని సీట్ల మేస్త్రీ అంటున్నారు. తొడిగించమంటారా? — ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: వద్దు. మేస్త్రీగారి పనితనాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. సీటు మీద రెగ్జిన్‌ను నాలుగు వైపులా లాగి కుట్టి బిగిస్తారు కనుక అది కదలదు. డ్యాష్‌బోర్డు మీద దానికి జిగురు ఒక్కటే ఆధారం, లోపలికి వంగిన ప్రతి చోటా అది పైకి లేవాలనే చూస్తుంది. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో ఆ జిగురు మెత్తబడి, మొదట మీటర్ల మీది వంపు దగ్గరే బుడగ లేస్తుంది. అద్దానికి గాలి వెళ్లే సందులు మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

మీరు చెప్పిన మూడు లోపాలూ మూడు వేర్వేరు పదార్థాలకు వచ్చినవి. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదాన్ని పాడు చేస్తుంది కనుక, ఏ ముక్క దేనితో చేసిందో తేల్చుకోకుండా ఏ సీసా మూతా తీయకండి. అసలు మజిల్ కార్లు, అంటే బలమైన ఇంజనున్న అమెరికన్ కార్లయిన మస్టాంగ్, కమారో వంటి వాటికి అమెరికాలో పాత నమూనా ప్రకారం కొత్త డ్యాష్‌బోర్డు భాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి, చెడిన ముక్కను పారేసి కొత్తది కొనుక్కోవచ్చు. మన కాంటెస్సాను అభిమానులు ముద్దుగా మజిల్ కారు అంటారు గాని, దాని మూలం ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వీఎక్స్. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1984 నుంచి 2002 వరకు తయారు చేసి ఆపేసింది. కొత్త ముక్క దొరుకుతుందన్న ధీమా లేదు కనుక మీ దగ్గరున్న విరిగిన ముక్కే మీకు పెట్టుబడి.

పైభాగం సంగతి ముందు చూద్దాం. అటువంటి డ్యాష్‌బోర్డులకు పైన ఉండేది సాధారణంగా పీవీసీ తోలు, దాని కింద పాలీయురిథేన్ స్పాంజి. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, నీళ్ల గొట్టాలు చేసేదీ దానితోనే. దాన్ని తోలులా మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెవంటి ద్రవ్యం ఏళ్ల తరబడి ఎండ వేడికి మెల్లగా బయటికి పోతుంది. ముందు అద్దం లోపలి వైపు ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ పట్టే జిడ్డులో కొంత దానిదే. ఆ ద్రవ్యం పోయినకొద్దీ తోలు కుంచించుకుపోతుంది. అడుగున ఉన్న ఇనుప రేకు మాత్రం కుంచించుకోదు కనుక, బిగిసిన తోలు ఎక్కడ పలుచగా ఉంటే అక్కడ చీలుతుంది. కాబట్టి కారు బాడీకి వాడే పుట్టీతో ఈ పగులును పూడుస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ పుట్టీ రాయిలా గట్టిపడుతుంది, తోలేమో వేడికి సాగి చల్లదనానికి ముడుచుకుంటూనే ఉంటుంది, మరుసటి వేసవికే అదే గీత వెంట రెండూ విడిపోతాయి.

పనికి దిగేముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. మీటర్ల చట్రాన్ని ఒక్కసారిగా ముందుకు లాగకండి, వెనుక స్పీడోమీటరు కేబులు పట్టి ఉంటుంది, పాత తీగల తొడుగు పెళుసుబారి ఉంటుంది. ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి. విప్పిన స్క్రూలకు వంటింటి పోపుల డబ్బాను మించిన సాధనం లేదు, ఒక్కో గిన్నెలో ఒక్కో భాగం స్క్రూలు వేసి అడుగున కాగితం ముక్క మీద పేరు రాసి పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ల అనుమతి తీసుకునే ఈ పని చేయండి.

తరువాత గిన్నెలు తోమే సబ్బు నీటితో రెండు మూడు సార్లు కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. గతంలో పూసిన మెరుపు పాలిష్‌లోని సిలికాన్ కొంచెం మిగిలినా, తరువాత కొట్టే రంగు చిన్న చిన్న గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. పగులు రెండు కొసల్లోనూ సన్నని రంధ్రం వేస్తే అది ఇక పాకదు. పైకి లేచిన అంచులను బ్లేడుతో ఏటవాలుగా కోసి, పొడిగా రాలుతున్న స్పాంజిని తీసేసి, ఆరాక కూడా వంగే స్వభావమున్న పాలీయురిథేన్ ఫిల్లర్‌ను పలుచని పొరలుగా నింపండి. ప్రతి పొరనూ పూర్తిగా ఆరనిచ్చి 180 నంబరు ఎమ్రీ పేపరుతో, చివర 320తో రుద్దాలి. ఇంతవరకూ ఓపిక ఉన్నవారెవరైనా చేయగలరు. పనితనం బయటపడేది తోలు మీది సన్నని ముడతల దగ్గర: నింపిన చోటు నున్నగా ఉండిపోతే రంగు వేశాక కూడా మచ్చలాగే కనబడుతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. చెడిపోని మూల మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీసుకుని, చివరి పొర గట్టిపడకముందే ఆ అచ్చును దాని మీద అదిమితే పాత ముడతలు దిగుతాయి. ఆపైన పీవీసీ మీద వేసే వినైల్ రంగును మెరుపు లేకుండా కొట్టించండి. నిగనిగలాడే నలుపు దుకాణంలో అందంగానే ఉంటుంది, రోడ్డు మీదికి వెళ్లాక అద్దంలో ప్రతిబింబించి కళ్లకు అడ్డం వస్తుంది. రంగు పని వానాకాలంలో పెట్టుకోకండి. మన జిల్లాలో తుపానులు తగ్గి గాలి పొడిబారేదాకా, అంటే సంక్రాంతి దాకా ఆగడం మేలు, అప్పుడు కూడా మంచు విడిచాకే పని మొదలుపెట్టించండి. గాలిలో తేమ ఎక్కువైతే త్వరగా ఆరే రంగుల మీద తెల్లటి పొర కమ్ముతుంది.

విరిగిన కొక్కేనికి ముందు చిన్న పరీక్ష చేయాలి. రాలిన తునక ఒకటి గ్లాసుడు మంచినీళ్లలో వేసి, బుడగలు పట్టకుండా పుల్లతో అదమండి. మునిగితే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ కావచ్చు. తేలితే పాలీప్రొపైలీన్ అనే మరో ప్లాస్టిక్ అయ్యే అవకాశం ఎక్కువ, దానికి మామూలు జిగురేదీ అంటదు. మునిగిన తునక మీద ఎసిటోన్ ఒక చుక్క వేసినప్పుడు అది జిగటగా మారితే ఏబీఎస్ అని దాదాపు నిర్ధారణ చేసుకోవచ్చు. అదే ప్లాస్టిక్ పనికిరాని తుక్కును ఎసిటోన్‌లో నానబెడితే తేనెలాంటి ముద్ద తయారవుతుంది. దానితో అతికితే జిగురు పెట్టినట్టు కాక రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి. వెనుక వైపు సన్నని ఇత్తడి జాలీ ముక్క పెట్టి దాని మీద ఇంకో పూత వేసి, కనీసం రెండు రోజులు కదల్చకుండా ఉంచండి. ఎసిటోన్ మంట అంటుకునే ద్రవం కనుక ఆరుబయటే పని చేయాలి, మీటర్ల అద్దం ప్లాస్టిక్‌దైతే దాని మీద ఒక్క చుక్క పడినా అది మసకబారిపోతుంది.

ఇక వెండి అంచు. రుద్దినకొద్దీ చెరిగిపోయిందంటే అది నిజమైన క్రోమియం పూత అయ్యే అవకాశం తక్కువ. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ మీద పట్టించే పొర కావచ్చు, దాన్ని కాపాడేది పైనున్న పారదర్శకమైన వార్నిష్ ఒక్కటే. ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో దాన్ని తుడిస్తే మిగిలింది కూడా పోతుంది. నికెల్ పూత వేసే దుకాణానికి ఇవ్వవద్దు, వారి తొట్టె లోహానికి ఉద్దేశించింది, ప్లాస్టిక్‌కు ముందు వేరే సంస్కారం జరగాలి. సన్నని అంచు మాత్రమే కాబట్టి కింద నున్నటి నల్ల రంగు వేసి, దాని మీద క్రోమ్ సిరా కలంతో గీయడం ఇంట్లో చేసుకోదగిన పని. ఆరాక దాని మీద మామూలు క్లియర్ కోటు కొడితే మెరుపు బూడిద రంగుకు తిరుగుతుంది, పనికిరాని ముక్క మీద చూసుకున్నాకే అసలు ముక్క జోలికి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో అరిజోనాలో ఉంటాడు. 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ డీలక్స్ కొన్నాడు. డ్యాష్‌బోర్డు మీది కొయ్య నమూనా పట్టీలు వెలిసిపోయి అంచుల్లో లేచాయట. బొబ్బిలి వీణల వారి చేత పనస చెక్కతో పట్టీలు చేయించి పంపాలని నాకు ఆశ. మీ సలహా? — ఒక పాఠకురాలు, టెక్కలి

సమాధానం: అమ్మా, మీ ఆశలో అందం ఉంది, కాని వీణ వేరు, ఈ పట్టీ వేరు. బొబ్బిలి ఏకాండి వీణ ఒకే దుంగను తొలిచి చేసేది, దాని బలం దాని మందంలోనే ఉంటుంది. ఈ పట్టీ మీద బటన్లు, మీటర్ల అంచులు కచ్చితంగా కూర్చోవాలి, మందం కొంచెం పెరిగినా బిగించే స్క్రూలు అందవు. మన తేమలో కోసిన పలక అరిజోనా పొడి గాలికి అడ్డంగా కుంచించుకుని వంకర తిరుగుతుంది లేదా చీలుతుంది. ఇంకొక కారణం కూడా ఉంది. ప్రమాదంలో తల తగిలినా గాయం తక్కువయ్యేలా కారు లోపలి భాగాలుండాలన్న అమెరికా నిబంధన 1968 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది, అలాంటప్పుడు డ్యాష్‌బోర్డు మీద మందమైన చెక్క పెట్టడం తగదు.

ఆ కారులో మొదటినుంచీ ఉన్నది నిజమైన కొయ్య కాదు, అచ్చువేసిన నమూనా. అంతకు ముందు ఏడాది, 1967 డీలక్స్ మస్టాంగ్‌లో సన్నగీతల అల్యూమినియం పట్టీలు ఉండేవి. పాంటియాక్ అనే మరో అమెరికన్ కార్ల కంపెనీ వారు 1966 జీటీఓ కారులో నిజమైన వాల్‌నట్ చెక్క పొర వాడారు, 1970 ట్రాన్స్ యామ్ కారులో చిన్న చిన్న వలయాలు తిప్పి చెక్కిన అల్యూమినియం పలక పెట్టారు. అంటే ప్రతి బండికీ దాని సొంత ముస్తాబు ఉంది. మీ అబ్బాయి బండిని పుట్టినప్పుడున్నట్టే నిలబెట్టాలనుకుంటే అక్కడే దొరికే కొత్త నమూనా పట్టీలు కొనడమే సరి.

అయినా మన పనస ఉండాలని మీకు పట్టుదల ఉంటే, బాగా ఆరిన చెక్క నుంచి అర మిల్లీమీటరు పొర మాత్రమే తీయించి పంపండి. అక్కడ అబ్బాయి పాత పట్టీని కొలతకు పెట్టుకుని కోసి, విడిగా కొన్న నకలు పట్టీ మీద ఎపాక్సీతో అంటించుకోవాలి. నీళ్లతో కలిసే జిగురు పెడితే పొర ఉబ్బి ముడత పడుతుంది. లక్కతో వేసే ఫ్రెంచ్ పాలిష్ కూడా వద్దు, అక్కడి ఎండలో డ్యాష్‌బోర్డు వేడి లక్క మెత్తబడే స్థాయికి దగ్గరగా వెళుతుంది. ఎండను తట్టుకునే పాలీయురిథేన్ పూతను తక్కువ మెరుపుతో వేయించమనండి. ఊడిన అసలు పట్టీలను మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని, భద్రంగా దాచమని చెప్పండి.

ప్రశ్న: డ్యాష్‌బోర్డు పగలకుండా కొబ్బరినూనె రాయవచ్చా? — ఒక పాఠకుడు, పలాస

సమాధానం: రాయకూడదు. పోయిన మెత్తదనాన్ని ఆ నూనె తిరిగి ఇవ్వదు, దుమ్మును మాత్రం పట్టి ఉంచుతుంది. ఎండలో బండి నిలిపినప్పుడు అద్దం లోపల అట్ట అడ్డు పెట్టండి, ఖర్చు లేని వైద్యం అదే.

ప్రశ్న: మా పాత కారు డ్యాష్‌బోర్డు మీది లోహపు బటన్ ఒకటి విరిగింది, మిగిలిన వాటి మీద పొక్కులు లేచాయి. శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడైనా కొత్తది పోయిస్తారా? — ఒక పాఠకుడు, నరసన్నపేట

సమాధానం: మీ బటన్ జింకు మిశ్రమంతో అచ్చుపోసి, పైన క్రోమియం పూత వేసినది కావచ్చు. మన సముద్రపు గాలి పూతలోని సన్నని రంధ్రాల గుండా లోపలికి దిగి జింకును తినడం వల్లనే పొక్కులు లేస్తాయి. జింకును ఆమ్లమూ, కాస్టిక్ సోడా రెండూ తింటాయి కనుక దేనిలోనూ నానబెట్టకండి. విరిగినదానికి బదులు ఇత్తడి బటన్ పోయించుకోవడం మంచి మార్గం, ఇత్తడి మీద నికెల్, క్రోమియం బాగా పడతాయి. ఇత్తడి పనికి పేరున్న బుడితి మీకు దగ్గరే. బాగున్న బటన్‌ను నమూనాగా ఇచ్చి అడగండి. ఒక్క జాగ్రత్త: పోసిన ఇత్తడి చల్లారేటప్పుడు రెండు శాతం దాకా కుంచించుకుంటుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు అచ్చు తీస్తే వచ్చేది కొంచెం చిన్నదవుతుంది. నమూనా మీద పలుచగా మైనం పూసి కొలత పెంచి, లోపలి రంధ్రాన్ని పోత పోసిన తరువాత లేతు మీద సరిచేయించి, అది మీటకు సరిగా పడుతుందో లేదో చూశాకే పూతకు ఇవ్వండి.