టెక్ సందేహాలు: సీసీ-సెడిక్ట్‌లో ఏటవాలు గీతకూ సెమికోలన్‌కూ తేడా ఏమిటి?

ప్రశ్న: నేను చైనీస్ నేర్చుకుంటున్నాను. సీసీ-సెడిక్ట్ అనే చైనీస్-ఇంగ్లిష్ నిఘంటువు ఫైలును డౌన్‌లోడ్ చేసి, ఫ్లాష్‌కార్డుల కోసం ఎక్సెల్‌లోకి తెచ్చాను. అర్థాల మధ్య ఉన్న ఏటవాలు గీతలనూ సెమికోలన్లనూ కామాలుగా మార్చి, కోలన్లను తీసేశాను. ఇప్పుడు అర్థాలు కలగాపులగమయ్యాయి. ‘రోడ్డు’, ‘ఆకుపచ్చ’ అనే మాటలకు ఒకే ఉచ్చారణ కనిపిస్తోంది. ఎలా సరిచేయాలి?

జవాబు: పాత షీటును వదిలి, అసలు ఫైలుతో మళ్లీ మొదలుపెట్టండి. అర్థాల లోపల ముందునుంచే కామాలు ఉంటాయి కాబట్టి, మీరు చేర్చిన కామాలను వాటినుంచి వేరు చేయడం సాధ్యం కాదు.

పాల్ డెనిసోవ్‌స్కీ 1997లో ప్రారంభించిన సెడిక్ట్ నిఘంటువుకు సీసీ-సెడిక్ట్ కొనసాగింపు. జిమ్ బ్రీన్ రూపొందించిన జపనీస్ నిఘంటువు ఎడిక్ట్ నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం, ప్రతి పదానికీ ఒక వరుస ఉంటుంది: ముందు సంప్రదాయ లిపి రూపం, తరువాత సరళ లిపి రూపం, చదరపు బ్రాకెట్లలో పిన్‌యిన్ (చైనీస్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి) ఉచ్చారణ, చివర ఏటవాలు గీతల మధ్య అర్థాలు. ఇందులో గీత ఒక అర్థాన్ని మరో అర్థం నుంచి విడదీస్తుంది. సెమికోలన్ ఒకే అర్థానికి చెందిన పర్యాయపదాలను పక్కపక్కన ఉంచుతుంది. ‘పీషి’ అనే మాటనే చూడండి: వస్తువుల విషయంలో ‘మన్నికైన’ అని ఒక అర్థం, గీత దాటాక మనుషుల విషయంలో ‘దృఢమైన; గట్టి’ అని రెండో అర్థం ఉన్నాయి. రెండు గుర్తులనూ కామాగా మారిస్తే, ఆ మాటకు అర్థాలు రెండా మూడా అన్నది తెలియకుండా పోతుంది. నిఘంటుకారులు ఎంతో ఆలోచించి చేసిన విభజన అది. దాన్ని కాపాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఉచ్చారణ చిక్కు కోలన్‌ను తీసేయడం వల్ల వచ్చింది. పిన్‌యిన్‌లో రెండు చుక్కలతో రాసే ‘యు’ అక్షరాన్ని ఈ ఫైలులో ‘యు’ పక్కన కోలన్ పెట్టి సూచిస్తారు. ‘ఆకుపచ్చ’కూ ‘రోడ్డు’కూ స్వరం (గొంతు హెచ్చుతగ్గుల తీరు) నాలుగోదే కాబట్టి, కోలన్ పోతే రెండూ ఒకటైపోతాయి. అక్షరాల పక్కన ఉన్న అంకెలు స్వరాలను తెలుపుతాయి. 5 అంటే తేలిక స్వరం. పిన్‌యిన్‌లోని పెద్దక్షరాలు పేర్లకు గుర్తు కనుక వాటినీ మార్చవద్దు.

‘సీఎల్’ అని మొదలయ్యే భాగం అర్థం కాదు. ఆ నామవాచకాన్ని లెక్కించేటప్పుడు అంకె తరువాత చేర్చే మాటను అది చెబుతుంది. పుస్తకాలకు ‘బెన్’ అలాంటిదే. మనుషులకు ‘ముగ్గురు’, వస్తువులకు ‘మూడు’ అనే తెలుగువారికి ఈ పట్టింపు మరీ కొత్తేమీ కాదు. దానికి కార్డులో వేరే గడి కేటాయించండి.

ఫైలును యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్)గా తెరిచి, ‘హ్యాష్’ గుర్తుతో మొదలయ్యే వరుసలను వదిలేయండి. అర్థాలలోనూ చదరపు బ్రాకెట్లు వస్తాయి కనుక, వరుసలోని మొదటి జతను మాత్రమే ఉచ్చారణగా తీసుకోండి. గడులను కామాలతో కాక ట్యాబ్‌తో వేరు చేసి భద్రపరచండి. ఒకే అక్షరానికి ‘షింగ్’, ‘హాంగ్’ వంటి వేర్వేరు ఉచ్చారణలు ఉంటే అవి వేర్వేరు వరుసలుగా వస్తాయి. అందువల్ల నకళ్లను తొలగించేటప్పుడు పదాన్నీ ఉచ్చారణనూ కలిపి పోల్చాలి.

ఈ కార్డులను తోటి విద్యార్థులకు ఇవ్వదలిస్తే, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం సీసీ-సెడిక్ట్ పేరు పేర్కొని, అదే లైసెన్సు కింద పంచాలి.