"రోల్స్ రైస్" అని బోర్డు పెడితే కారు కంపెనీ ఊరుకుంటుందా?

ప్రశ్న: మాది నరసరావుపేట సార్. ఎగ్ రోల్స్, ఫ్రైడ్ రైస్ బండి పెడుతున్నా. రెండూ ఉంటాయి కాబట్టి "రోల్స్ రైస్" అని పేరనుకున్నాం, బోర్డు మీద రోల్స్ రాయిస్ కారు మీదున్నట్టే రెండు ఆర్‌లు ఒకదాని మీద ఒకటి వేయమని డిజైన్ కూడా ఇచ్చేశా. వాళ్లు కోట్ల రూపాయల కార్లు అమ్ముతారు, నేను అరవై రూపాయల రోల్ అమ్ముతా, ఎవడు కన్ఫ్యూజ్ అవుతాడు? డాలస్‌లో ఉన్న మా బావమరిది కూడా ఇదే పేరుతో ఫుడ్ ట్రక్ పెడతానంటున్నాడు. ఏమన్నా ఇబ్బందా?

జవాబు: ముందు పెయింటర్‌కి ఫోన్ చేసి ఆపమనండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

పేరు చూడగానే నాకూ నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ నవ్వెందుకొచ్చింది చెప్పండి, కారు గుర్తొచ్చింది కాబట్టే కదా. మీ చిక్కంతా అక్కడే ఉంది. కన్ఫ్యూజన్ లేదు కాబట్టి కేసు లేదు అనుకుంటున్నారు మీరు, మామూలు ట్రేడ్‌మార్క్ గొడవల్లో అది మంచి వాదనే, కానీ బాగా పేరున్న మార్కులకి చట్టం ఇంకో కంచె కూడా వేసింది. దాన్నే డైల్యూషన్ అంటాం, అంటే పలచబడటం. చిక్కటి మజ్జిగ కుండలో దారినపోయే ప్రతివాడూ చెంబెడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? మొదటి చెంబుకి తేడా తెలీదు, పదో చెంబుకి అది మజ్జిగో కుడితో తెలీదు. మీరు మొదటి చెంబే కావచ్చు, కానీ కంపెనీ లాయరు మొదటి చెంబు దగ్గరే చెయ్యి పట్టుకుంటాడు.

మన ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో సెక్షన్ 29(4) చూడండి. రిజిస్టర్ అయిన మార్కుకి ఇండియాలో పేరుప్రతిష్ఠలుండి, సరైన కారణం లేకుండా అలాంటి పేరే ఇంకెవరైనా వేరే సరుకుకి పెట్టి ఆ పేరుని అన్యాయంగా వాడుకున్నా, దాని ప్రత్యేకతకో పరువుకో దెబ్బ తగిలినా ఇన్‌ఫ్రింజ్‌మెంటే, అంటే ఆ మార్కు హక్కుని ఉల్లంఘించినట్టే. జనం పొరబడాలని అందులో ఎక్కడా రాయలేదు. నిజాం నవాబు దగ్గర ఉండిన కారు పేరుకి ఇండియాలో రెప్యుటేషన్ లేదని నేనైతే కోర్టులో నిలబడి చెప్పలేను.

ఈ సెక్షన్ రాకముందే ఢిల్లీ హైకోర్టు ఇలాంటిది ఒకటి తేల్చింది. 1993 నాటి కేసు, ఒకాయన బెంజ్ అని పేరు పెట్టి అండర్‌వేర్ అమ్మాడు, పెట్టె మీద రింగు, ఆ రింగులో కాళ్లూ చేతులూ చాపిన మనిషి, చూస్తే అచ్చం ఆ కారు మీదుండే మూడు కొనల నక్షత్రమే. బెంజ్ కారు కొనబోయి బనీన్ల షాపుకెళ్లేవాడు ఈ భూమ్మీద ఉండడు, అయినా కోర్టు ఆపేసింది. మీ రెండు ఆర్‌ల డిజైన్ గురించి విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ రింగే.

అలాగని పెద్ద కంపెనీ ప్రతిసారీ గెలుస్తుందని కాదు. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరున్న నందిని హోటళ్ల మీద కర్ణాటక పాల ఫెడరేషన్ వాళ్లు, అదే నందిని పాలవాళ్లు, గొడవకి దిగారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2018లో హోటలాయనే గెలిచాడు. నందిని అంటే పురాణాల్లో ఉన్న పేరు, ఒకరి సొత్తు కాదు, పైగా ఆయన 1989 నుంచి వాడుకుంటున్నాడు, లోగోలూ వేరు. మీ పేరుకి ఏ పురాణం చూపిస్తారు?

మలేషియాలో మెక్‌కర్రీ హోటల్ మెక్‌డొనాల్డ్స్‌ని ఓడించింది కదా అని మీ ఫ్రెండ్స్ ఎవరో అంటారు. నిజమే, 2001లో మొదలైన కేసు 2009లో గెలిచారు, మధ్యలో హైకోర్టులో ఓడిపోయి మరీ. కానీ అది పాసింగ్ ఆఫ్ కేసు, అంటే ఇది వాళ్లదే అని జనం అనుకుంటారా అన్న ప్రశ్న. డైల్యూషన్‌లో ఆ ప్రశ్నే ఉండదు. పైగా బండి పెట్టిన మనిషికి ఎనిమిదేళ్లు లాయర్ ఫీజు కట్టే ఓపికుందా?

ఇక డాలస్‌లో ఉన్న మీ బావమరిది సంగతి. అమెరికాలో 2006లో సవరించిన ఫెడరల్ చట్టం ప్రకారం ఈ డైల్యూషన్ రక్షణ దేశమంతా మామూలు కొనుగోలుదారులకి విస్తృతంగా తెలిసిన మార్కుకే. ఉదాహరణకి హైదరాబాద్‌లో ఓ బిర్యానీ హోటలుందనుకోండి, డాలస్‌లో తెలుగువాళ్లందరికీ దాని పేరు తెలిసినా అది ఆ లెక్కలోకి రాదు. మన దగ్గర రూలు వేరు, సంబంధమున్న ఒక వర్గానికి బాగా తెలిసినా వెల్ నోన్ మార్కు అనిపించుకోవచ్చు. యూరప్ మధ్యలో ఉంటుంది, తమ షెవీ కార్ల పేరుతో డిటర్జెంట్ అమ్మినవాళ్ల మీద జనరల్ మోటార్స్ వేసిన కేసులో 1999లో అక్కడి కోర్టు, సంబంధమున్న జనంలో చెప్పుకోదగ్గ భాగానికి తెలిస్తే చాలంది. కానీ మీ బావమరిది ఎంచుకున్నది ఏ జల్లెడలో పోసినా కింద పడని పేరు, అదీ సమస్య.

జోక్ కదా, పేరడీ కదా అంటాడేమో, అమెరికాలో దానికి కొంత మినహాయింపు ఉన్న మాట వాస్తవం. కానీ జాక్ డేనియల్స్ విస్కీ బాటిల్‌లా కుక్కలు కొరికే బొమ్మ చేసి, ఆల్కహాల్ శాతం రాసే చోట "43 శాతం పూ" (ఇంగ్లీషులో పూ అంటే మలం) అని రాసి అమ్మిన కంపెనీకి 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఆ జోక్‌నే నీ సొంత బ్రాండ్‌గా వాడుకుంటే ఆ మినహాయింపు నీకు లేదు అని. ట్రక్ మీద పేరు రాయడం అంటే అదే కదా మరి.

రిజిస్ట్రేషన్‌కి వేసి చూద్దాం అని మాత్రం అనుకోకండి. సెక్షన్ 11(2) కింద రిజెక్ట్ చేయొచ్చు, చేయకపోయినా ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పబ్లిష్ అవుతుంది, నాలుగు నెలల్లో ఎవరైనా అపోజిషన్, అంటే అభ్యంతరం, వేయొచ్చు, పెద్ద కంపెనీల మనుషులు ఆ జర్నల్ చూస్తూనే ఉంటారు, అంటే మనమే వెళ్లి తలుపు తట్టినట్టు. మీ ఇంటిపేరో, మీ వీధి పేరో కలిపి ఇంకోటి అనుకుని, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో క్లాస్ 43 (హోటళ్లు, తిండి సేవల వర్గం) కింద ఉచితంగా వెతుక్కోండి, ఖాళీగా ఉంటే వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఫీజు 4,500 రూపాయలు. పెయింటర్‌కి ఇచ్చిన అడ్వాన్స్ ఎలాగూ కొత్త బోర్డుకి పనికొస్తుంది, డబ్బాలో రంగు అదేగా.