ముఖలింగానికి ఒక రోజంతా ఉంచుకో

శ్రీకాకుళం

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

దసరా సెలవుల్లో పిల్లలతో వస్తామని, ఒక్క రోజు కారు మాట్లాడుకుంటే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ముఖలింగం అన్నీ అయిపోతాయా అని అడిగావు. అయిపోతాయమ్మా. కానీ అలా మాత్రం చేయొద్దు. నేను బడిలో సోషల్ చెప్పే రోజుల్లో నలభై మంది పిల్లల్ని బస్సెక్కించి ఇవన్నీ ఒక్క రోజులో తిప్పాను. ముఖలింగం చేరేసరికి చీకటి పడింది. గోడల మీద బొమ్మ ఒక్కటీ కనబడలేదు. సగం మంది బస్సులోనే నిద్రపోయారు. ఆ పిల్లలకి చూపించాల్సింది చూపించలేకపోయానన్న బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు రోజులు పెట్టుకో. మొదటి రోజు అరసవల్లి సూర్యదేవుడి గుడితో మొదలుపెట్టు, ఊరిని ఆనుకునే ఉంది. ఆదివారం మాత్రం వద్దు, క్యూలోనే పొద్దెక్కిపోతుంది. అక్టోబరు మొదటి రోజుల్లో వస్తే, మబ్బు పట్టకపోతే, తెల్లవారి సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకడం చూడొచ్చు. మళ్లీ మార్చి రెండో వారం దాకా ఆ భాగ్యం ఉండదు. ఆ రోజుల్లో జనం బాగా ఉంటారు, చీకటితోనే వెళ్లి నిలబడాలి.

అక్కడి నుంచి శ్రీకూర్మం, కూర్మావతారం గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి, చిన్నవాడు ఇక అక్కడి నుంచి కదలడు. వాణ్ణి కాసేపు వదిలేసి నువ్వూ పెద్దదీ ప్రదక్షిణ మండపంలోకి వెళ్లండి. అందరూ గబగబా చుట్టేసి వచ్చేస్తారు. మీరు ఆ నల్లరాతి స్తంభాల దగ్గర ఆగండి. వాటి మీద ఉన్నవి నగిషీలనుకుంటారు చాలామంది, అవి అక్షరాలు. వందల ఏళ్ల పాటు దీపానికి, నైవేద్యానికి ఎవరెవరు ఏమిచ్చారో చెక్కించిన శాసనాలు. ఫోన్‌లో లైటు వేసి రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి వాల్చి పట్టుకో. గాట్లలో నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. ముందు 'శ్రీ' వెతకమను. ఆ తర్వాత 'శకవర్షంబులు' అన్న మాట దొరికితే పక్కనే సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే మనం ఇప్పుడు వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ద్వైతమత గురువు మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనం ఇక్కడే ఉంది, శకం 1203. అంటే 1281. మీ పెద్దదాని చేత లెక్క కట్టించు. ఏడు వందల ఏళ్ల నాటి అక్షరం మీద వేలు పెట్టి తనంతట తాను సంవత్సరం చెప్పిన పిల్ల జన్మలో మర్చిపోదు. సుద్దముక్కతో గానీ పిండితో గానీ రుద్దనివ్వకు, రాయి పాడైపోతుంది. ఫొటోలకు ముందుగా దేవస్థానం ఆఫీసులో అడుగు.

ఎండ తగ్గాక శాలిహుండం. శ్రీకూర్మంలాగే ఇదీ గార మండలమే, దూరం తక్కువ. వంశధార గట్టున కొండ, దాని మీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలు, పెద్ద పెద్ద ఇటుకల పునాదులు. ఎక్కే దారిలో నీడ తక్కువ. నీళ్లు, టోపీలు, జారని చెప్పులు తప్పనిసరి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికింది ఈ కొండ మీదే. అక్కడి మ్యూజియంలో శిల్పాలు చూశాక కొండెక్కితే ఆ ఇటుకలకు అర్థం తెలుస్తుంది. పురావస్తు మ్యూజియాలు వారానికో రోజు మూసేస్తారు కాబట్టి సెలవు ఏ రోజో ముందే కనుక్కో. పైకి వెళ్లాక ఓ పావుగంట ఊరికే కూర్చోండి. కింద ఏరు, ఏటి చివర కళింగపట్నం. ఈ భిక్షువులు తిరిగిన నీళ్లు అవి.

ఒక మాట పిల్లలకి తప్పకుండా చెప్పు. 1919లో ఈ శిథిలాలను లోకానికి చూపించినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనేనా అని ఆశ్చర్యపోతారు. ఆయనే. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్నప్పుడు శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుళ్ల మీద రాతలు చదివారు. బడిపంతులు జీతం మీద బతుకుతూ అంత పని చేశారని తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పొద్దుంటే కళింగపట్నం వెళ్లి లైట్‌హౌస్ చూడండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓడలొచ్చిన రేవు అది. పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకు, ఏరు సముద్రంలో కలిసే చోటు నమ్మడానికి లేదు.

రెండో రోజు పూర్తిగా ముఖలింగానికే. నరసన్నపేటలో టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి కూడా ఏదైనా కట్టించుకోండి. అక్కడ హోటళ్ల మీద ఆధారపడొద్దు. తూర్పు గాంగ రాజులు ఏలిన కళింగనగరం ఇదే. పూరీ జగన్నాథుడి గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టానికొచ్చింది ఈ రాజ్యానికే. తర్వాత రాజధాని కటకానికి తరలిపోయి, ఇది ఏటి ఒడ్డు పల్లెగా మిగిలింది. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు అని మూడు గుళ్లు. మధుకం అంటే ఇప్ప, ఇప్పచెట్టు మొదట్లో స్వామి వెలిశాడని స్థలపురాణం. నాకు మాత్రం సోమేశ్వరుడి గుడి అంటే ప్రాణం. ముందు మండపం కూడా లేని ఒంటి గుడి, చుట్టూ తిరిగి గోడలను దగ్గరగా చూడొచ్చు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే వేళకి చేరుకోండి. ద్వారబంధం దగ్గర తొందరపడకు. తీగ మీద తీగ చెక్కి, అడుగున గంగను, యమునను నిలబెట్టారు. పెద్దదాన్ని నోటు పుస్తకంలో ఒక్క తీగ బొమ్మ గీయమను. గీస్తున్నప్పుడే చెక్కినవాడి చెయ్యి ఎక్కడ తిరిగిందో దానికి తెలుస్తుంది.

మూడో రోజు ఓ పూట మిగిలితే పొందూరు వెళ్లు. దారిలో ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో ఆదిమానవుల సమాధిరాయి ఉంది, అదీ చూపించు. పొందూరులో ఖద్దరు కొనుక్కోవడమొక్కటే కాదు, పత్తిని వాలుగ చేప దవడతో దువ్వే ఆడవాళ్ల దగ్గర కూర్చో. పళ్ల సందుల్లోంచి చెత్త జారిపోయి దూది మెత్తగా విడిపోతుంది. చిన్నవాడికి ఆ దవడ ఓసారి పట్టుకోనివ్వమని అడుగు. అల్లుడుగారికి ఓ పంచె తీసుకో.

రైలు టిక్కెట్లు ఇప్పుడే చేయించుకోండి, దసరాకి దొరకవు. హోటల్ రూములూ అవీ పెట్టుకోవద్దు, మీ అత్తయ్య పైగది సర్దేసింది. ఏ బండికి వస్తున్నారో ఫోన్ చేస్తే శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్‌కి నేనే వస్తాను.

ఇట్లు
మీ మావయ్య