నాన్నగారికి షుగర్, చూపు బాగానే ఉందంటున్నారు. డాక్టర్ రాసిన ఓసీటీ స్కాన్ నిజంగా అవసరమా?

తప్పకుండా చేయించండి. ఓసీటీ అంటే కంటి వెనక ఉండే రెటీనా అనే పొరను కాంతితో బొమ్మ తీసే స్కాన్. చూపు బాగానే ఉందన్న ఆయన మాటను మాత్రం నమ్మకండి. మా అమ్మ కూడా అదే అంది.

అమ్మకు పద్నాలుగేళ్లుగా షుగర్. మూడేళ్ల కిందట పేపరు చదవడం తగ్గించేసింది. ఏమంటే అక్షరాలు చిన్నవి చేశారంది. కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్‌తో చూసి అద్దాలు మార్చారు, ఆరు నెలలకు మళ్లీ మార్చారు. షుగర్ ఉందా అని ఒక్కరూ అడగలేదు! అద్దాల పవర్ చూడటం కంటి పరీక్ష కాదని ప్రతి షాపు గోడ మీదా రాసిపెట్టాలి.

ఒక మధ్యాహ్నం పూలు కడుతూ, కుడికంట్లో నలక పడితే ఆ కన్ను మూసుకుని, "ఏమే, ఆ కిటికీ ఊచలు వంకరపోయాయేంటే?" అంది. ఊచలు నిటారుగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎడమకంటి పని కూడా కుడికన్నే చేస్తోందన్నమాట.

మర్నాడే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లాం. స్కాన్ అనగానే గొట్టంలోకి తోస్తారేమోనని అమ్మకు టెన్షన్. అదేమీ లేదు. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, లోపల కనిపించే ఆకుపచ్చ గుర్తును చూడమన్నారు. ఎక్స్‌రే కాదు, పరారుణ కాంతి. అది రెటీనా పొరల నుంచి తిరిగొచ్చే తీరును బట్టి బొమ్మ వస్తుంది. కంటికి ఏదీ తగల్లేదు, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

తెర మీద కుడికంట్లో నడిమధ్య చిన్న గుంట ఉంది, అది ఉండాల్సిందే. ఎడమకంట్లో ఆ చోటు పూరీలా పొంగి ఉంది, లోపల నల్లటి బుడగలు. అదంతా షుగర్ వల్ల చేరిన నీరేనట. అక్కడ రెటీనా మందం 462 మైక్రాన్లు. ఉండాల్సింది ఇంచుమించు 250, అంటే మిల్లీమీటరులో పావు వంతు. "ఇదంతా నా కంట్లోనేనా బాబూ?" అంటూ అమ్మ ఆ బుడగల మీద వేలు పెట్టి చూసింది.

నెలకొకటి చొప్పున కంట్లోకి మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు, ప్రతిసారీ స్కాన్ తీశారు. 371, 318, 284. మందు పనిచేస్తోందో లేదో ఆ అంకెలే చెప్పాయి. అందుకే మళ్లీ మళ్లీ స్కాన్ తీయడం డబ్బు గుంజడానికే అంటే నేను ఒప్పుకోను. కానీ పలచటి కాగితం మీద నలుపు తెలుపుల్లో రిపోర్టు చేతిలో పెడతారే, దానికి మాత్రం ఒళ్లు మండుతుంది. రంగుల కాపీ అడిగి తీసుకోండి, పాతవి ఒక్కటీ పారేయకండి. వీలైతే ప్రతిసారీ ఒకే మెషీన్ మీద తీయించండి, మెషీన్ మారితే కొలత కొంచెం మారుతుంది.

మా నాన్నమ్మకూ షుగరే. 1988 కల్లా ఆవిడకు చూపు పోయింది, వయసు మీద పడింది కదా అనుకున్నాం. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ఈ స్కాన్ గురించి మొదటిసారి ప్రకటించిందే 1991లో. మీ నాన్నగారికి అది ఊళ్లోనే దొరుకుతోంది.

స్కాన్‌తోనే సరిపెట్టకండి. అది ముఖ్యంగా మధ్యభాగాన్నే చూస్తుంది, అంచుల దాకా డాక్టర్ చూడాలంటే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయాలి. ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఆయన్ని స్కూటర్ మీద ఒక్కరినే పంపకండి, మీరు వెంట వెళ్లండి.